యానాది పిల్లల్ని బడిలో నిలబెట్టాలి, కాగితాల పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సత్యవేడు టీచర్:
అందరికీ నమస్తే. నేను సత్యవేడు మండలంలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా బడికి కూతవేటు దూరంలో, చెరువు కట్ట కింద యానాదుల కాలనీ ఉంది. యానాదులు గిరిజనులు. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టే వేళకి కాలనీ పిల్లలు కొందరు గేటు దగ్గర నిలబడి ఉంటారు. వాళ్ళ పేర్లు రిజిస్టర్లో లేవు. చేర్చుకోవడానికి నాకు అడ్డు లేదు. వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డనీ బడి నుంచి వెనక్కి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. పేరు రాసుకుంటాను. అసలు చిక్కు ఆ తర్వాతే. ఆన్‌లైన్‌లో ఎక్కించాలంటే ఆధార్ అడుగుతుంది. ఆధార్‌కి పుట్టిన సర్టిఫికెట్ కావాలి. తల్లికి బ్యాంకు ఖాతా ఉండదు. 2025లో బడి పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం పథకం కింద పిల్లకి 13 వేల చొప్పున వేశారు. మా ఊరి వీధుల్లో తల్లులకి ఆ డబ్బు అందింది, కాలనీలో చాలామందికి అందలేదు.

ఒక తల్లి తన దగ్గరున్న కాగితాలన్నీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. అన్నీ అంటే ఒక పాలిథిన్ కవరు, అందులో ఏఎన్ఎం రాసిచ్చిన టీకాల కార్డు, అంతే. వానకి తాటాకు కప్పు కారి కార్డు తడిసిపోయింది. పుట్టిన తేదీ రాసిన గడిలో సిరా అలుక్కుపోయి ఏడో నెలో తొమ్మిదో నెలో తెలియడం లేదు. తండ్రి ఆధార్ ఏదమ్మా అంటే జామాయిల్ కొట్టించే మేస్త్రీ దగ్గరుందని చెప్పింది. "అడ్వాన్సు తీరినాక ఇస్తానన్నాడు మేడమ్" అంది, అదేదో మామూలు సంగతి అయినట్టు. 

ఈ పిల్లల విషయంలో దేనితో మొదలుపెట్టాలి? ఆ ఆధార్ కార్డు ఎలా తెప్పించాలి? ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్ వీఆర్వో, నాయుడుపేట:
టీచరమ్మా, ముందు పీహెచ్‌సీకి వెళ్ళండి. కాన్పు ఆసుపత్రిలో అయ్యుంటే రిజిస్టర్లో తేదీ దొరుకుతుంది. తడిసిన కార్డు గురించి బెంగ వద్దు. పుట్టుక నమోదే కాలేదంటే, ఏడాది దాటినవాటికి ఆలస్యపు నమోదు ఉంది. రికార్డులో లేదని పంచాయతీ నుంచి కాగితం తీసుకుని అర్జీ పెట్టాలి. తహసీల్దారు ఆఫీసు విచారణ చేస్తుంది, ఆర్డీవో ఉత్తర్వు ఇస్తారు. కాస్త తిరగాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా ఆధార్‌కైనా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారం, కాబట్టి కాలనీలో చంటిబిడ్డలుంటే వాళ్ళది ఇప్పుడే చేయించండి.

ఇంకో మాట. వాళ్ళు ఆఫీసుకి రారని మా డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ విసుక్కునేవాళ్ళు. ఎందుకు వస్తారు? ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద పేరెక్కినవాళ్ళు పోలీసులకి హాజరు చెప్పుకోవాల్సి వచ్చేది. నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా దాని మీద పోరాడారు, 1952లో అది రద్దయింది. తర్వాత శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలో ఉన్న యానాది కుటుంబాలు బయటికి రావాల్సి వచ్చింది. పట్టా లేని చోట కాపురం ఉండేవాడిని చిరునామా రుజువు తెమ్మంటే ఎక్కడ తెస్తాడమ్మా?

బ్యాంక్ మిత్ర, శ్రీకాళహస్తి:
ఖాతాకి ఏ కార్డూ లేకపోయినా బ్యాంకులో చిన్న ఖాతా తెరవొచ్చు. ఫొటో, వేలిముద్ర చాలు. ఏడాదికి లక్ష వరకు జమ, నెలకి 10 వేలు తీసుకోవచ్చు, నిల్వ 50 వేలు దాటకూడదు. కార్డుకి దరఖాస్తు చేసినట్టు ఏడాదిలోపు చూపిస్తే ఇంకో ఏడాది నడుస్తుంది. పథకం డబ్బు పడాలంటే మాత్రం ఖాతాకి ఆధార్ లింకు కావాలి. ఇటుక బట్టీల్లో చేసినవాళ్ళకి వేలి గీతలు అరిగిపోయి మెషిన్ తీసుకోదు. వెనక్కి పంపేయకుండా కంటిపాపతో చూడమని అడగండి.

శ్రీసిటీ నుంచి:
మేడమ్, నేను యానాది అమ్మాయిని. గిరిజన గురుకులంలో చదివాను, ఇప్పుడు శ్రీసిటీలో ఫోన్లు తయారుచేసే లైనులో పని. ఉద్యోగం కన్నా జీతం ఖాతా తెరవడమే కష్టమైంది నాకు, ఎందుకంటే నా పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. మీరు పేర్లు రాసేటప్పుడు తల్లిని అడిగి, బడిలో, ఆధార్‌లో, బ్యాంకులో అక్షరం మారకుండా ఒకేలా రాయించండి. ఆ తేడా పదో తరగతి అయ్యాక కూడా వెంటాడుతుంది.

కాగితాలు మీరే పట్టుకెళ్ళి చేయించి ఇవ్వొద్దు మేడమ్, దండం పెట్టి అడుగుతున్నా. తల్లిని వెంట తీసుకెళ్ళండి. మా అమ్మ కుల సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకి పోతే గుమ్మం బయట నేల మీద కూర్చోబెట్టారు, లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పక్కన ఒక టీచరో నర్సో ఉంటే అలా చేయరు. ఒకసారి కుర్చీలో కూర్చుని అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్న మనిషి, రెండోసారి ఒంటరిగా పోతుంది. మా అమ్మ ఇప్పుడు రేషన్ తక్కువ తూచితే నిలబడి అడుగుతుంది.

రిటైర్డ్ వీఆర్వో, నాయుడుపేట:
ఈ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. మేస్త్రీ సంగతి మర్చిపోయాను. కార్డు ఆయన దగ్గరున్నా నంబరు ఆయన సొత్తు కాదు. ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేస్తే నంబరు తెలుస్తుంది, కొత్త ప్రింటు ఇస్తారు. పిల్ల పని ఆగదు. అయితే అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనివ్వకపోతే అది వెట్టి. 1976 వెట్టి నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లించనక్కర్లేదు. సబ్ కలెక్టరు లేదా ఆర్డీవో విచారించి విడుదల పత్రం ఇస్తారు, తక్షణ సాయం కూడా ఉంది. 2025లో మన జిల్లా యానాది పిల్లవాడిని అప్పు కింద బాతుల యజమాని దగ్గర వదిలిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఆ బిడ్డ శవమై దొరికాడు. కాబట్టి దీన్ని చిన్న విషయంగా చూడకండి. కానీ మీరు ఒక్కరే మేస్త్రీ దగ్గరికి వెళ్ళొద్దు. ముందు ఆ కుటుంబంతో మాట్లాడండి. ఫిర్యాదు వాళ్ళ ఇష్టం మీదే జరగాలి, మర్నాడు పొయ్యి వెలగాల్సింది వాళ్ళ ఇంట్లో. ఉపాధి పనికి జాబ్ కార్డు ఉందో లేదో చూడండి, లేకపోతే దాంతో పాటే పెట్టించండి.

సత్యవేడు టీచర్:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సోమవారం ఆ తల్లినే వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి వెళ్తాను, అర్జీ ఆమె చేతే ఇప్పిస్తాను. తండ్రి ఊరికి రాగానే ఆధార్ కేంద్రానికి, ఆయన ఒప్పుకుంటే ఆర్డీవో ఆఫీసుకి. చెల్లెమ్మా, నీకు వారాంతపు సెలవు ఎప్పుడు? కాలనీలో ఆడపిల్లలు ఆరో తరగతికి రాగానే ఆగిపోతున్నారు. గురుకులంలో సీటు ఎలా వస్తుందో నేను చెప్పేదానికంటే నువ్వు చెబితే వాళ్ళ అమ్మలు వింటారు.