బిజినెస్ సినిమాలు, పుస్తకాల నుంచి నిజంగా పని నేర్చుకోవచ్చా?

ప్రశ్న:
చిన్న వ్యాపారం మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నాను. ఎంబీఏ చేసే టైమూ డబ్బూ లేవు కాబట్టి ఖాళీ దొరికితే బిజినెస్ సినిమాలు చూస్తున్నా, పుస్తకాలు చదువుతున్నా. చూసిన రాత్రి తెగ ఊపు వస్తుంది, తెల్లారి కూర్చుంటే ఏం చేయాలో ఒక్క లైను రాయలేను. మోటివేషన్ వద్దండీ, అది బోలెడుంది. పనికొచ్చేది ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు 1:
మెక్‌డొనాల్డ్స్ బర్గర్ షాపులు ఎలా పెరిగాయో చూపించే ‘ది ఫౌండర్’ (2016) సినిమా చూడండి. చూసేసి ఉంటే మళ్లీ చూడండి, ఈసారి హీరో మీద కాకుండా డబ్బు ఎటు పోతోందో దాని మీద కన్నేసి. ఫ్రాంచైజీల, అంటే ఆ పేరు వాడుకుని షాపు నడిపేవాళ్ల, అమ్మకాల్లో వాటిని విస్తరించిన హీరో రే క్రాక్‌కి వచ్చేది 1.9 శాతం, అందులో 0.5 ఆ షాపు మొదట పెట్టిన మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములకే పోయేది. అంటే 100 డాలర్ల అమ్మకానికి 1.40 మిగులుతుంది, ఆఫీసు ఖర్చులు కూడా అందులోంచే. షాపులు పెరుగుతున్నా చేతిలో డబ్బు ఆడదు. షాపుల స్థలం మనం తీసుకుని ఫ్రాంచైజీ వాళ్లకే అద్దెకిద్దాం అని క్రాక్ దగ్గర డబ్బు లెక్కలు చూసిన హ్యారీ సోనెబార్న్ చెప్పాక గానీ లెక్క మారలేదు. అందరూ పట్టుదల, పట్టుదల అంటారు గానీ నా దృష్టిలో అసలు సీను అదే.

ఇంకోటి, ఆ టెన్నిస్ కోర్టు సీను. ఆ అన్నదమ్ములు కిచెన్ ప్లాన్ సుద్దతో నేల మీద గీసి, పనివాళ్లను వంట చేస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి, ఎవరికి ఎవరు అడ్డొస్తున్నారో చూసి, చెరిపి మళ్లీ గీస్తారు. గోడ కట్టకముందే తప్పులన్నీ బయటపడ్డాయి. మీరు పెట్టబోయేదాంట్లో అలా ముందే గీసి చూసుకోగలిగేది ఏముందో ఆలోచించండి.

జవాబు 2:
గెలిచినవాడి మీదే సినిమా తీస్తారు, అంతే పట్టుదలతో మునిగినవాళ్లు తెర మీదకి రారు. అందుకే నాకు పుస్తకాలే నయం, అదీ ఆర్థిక ఇబ్బందులు దాచకుండా రాసినవి. నైకీ పెట్టిన ఫిల్ నైట్ రాసిన ‘షూ డాగ్’ చదవండి. 1964లో మొదలైన కంపెనీ, అమ్మకాలు పెరుగుతూనే ఉంటాయి, బ్యాంకు టెన్షన్ మాత్రం తగ్గదు, ఎందుకంటే వచ్చిందంతా తర్వాతి ఆర్డరుకే పోతుంది. ఆయన చాన్నాళ్లు అకౌంటెంట్ ఉద్యోగం చేస్తూనే దాన్ని నడిపాడు. ఉద్యోగం మానేసి దూకెయ్ అనేవాళ్లు ఈ భాగం ఎందుకు చెప్పరో!

జవాబు 3:
మార్కెటింగ్‌కి అమెరికాలో ప్రకటనలు రాసిన క్లాడ్ హాప్కిన్స్ పుస్తకం ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ చాలు, 1923 నాటిది, పల్చటి పుస్తకం. ఒక్కో ప్రకటనలో కూపన్‌కి ఒక్కో గుర్తు పెట్టి, ఏ గుర్తువి ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టి, పనిచేయనిది తీసేయడం ఆయన పద్ధతి. ఇప్పుడు ఆన్‌లైన్ యాడ్స్‌లో రెండు రకాలు వదిలి చూస్తున్నాం కదా, అదే. ష్లిట్జ్ బీర్‌కి ఆయన సీసాలు ఎలా శుభ్రం చేస్తారో వివరంగా రాశాడు. మిగతా కంపెనీలూ అలాగే చేసేవి, కానీ ఎవరూ బయటికి చెప్పలేదు. మీకు మామూలుగా అనిపించే పని కస్టమర్‌కి తెలుసా అని అడిగి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ముందు 1.9 శాతం లాంటి లెక్క నాది వేసుకుంటా. హాప్కిన్స్ పుస్తకం కొనాలా?

జవాబు 3:
అక్కర్లేదు, కాపీరైట్ అయిపోయింది, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.