ఓల్డ్ గోవా సె కేథడ్రల్‌కి ఒక్క పూట సరిపోతుందా?

వచ్చే నెల అమ్మానాన్నలతో గోవా వెళ్తున్నాం, మకాం పనాజీలో. అమ్మకి బీచ్‌లు అక్కర్లేదు, చర్చిలే చూడాలట. 1776లో ఒక గోపురం కూలిపోయి, ఇప్పటికీ ఒంటి గోపురంతోనే నిలబడి ఉన్న సె కేథడ్రల్ ఫొటో ఫోన్లో పెట్టుకుని అందరికీ చూపిస్తోంది. ఆ గోపురంలోని 'బంగారు గంట' మోగితే వినాలని ఆవిడ కోరిక. ఏ వేళకి మోగుతుందో తెలిసినవాళ్ళు చెప్తారా?

రోడ్డుకి అవతలే ఉన్న బోమ్ జీసస్ చర్చి, అందులో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉంచిన వెండి పేటిక ఎలాగూ చూస్తాం. నా టెన్షన్ అంతా అమ్మ మోకాళ్ళ గురించే. సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాల దాకా ఆటో వెళ్తుందా, గుట్ట ఎక్కాల్సిందేనా? ఆదివారం పూజ జరుగుతుంటే కేథడ్రల్ లోపలికి రానిస్తారా? సాయంత్రం ఫెర్రీలో దివార్ దీవికి వెళ్ళొద్దామని నాన్న అంటున్నారు. వీలవుతుందా?