స్ట్రిప్ చేసినా పదాలు రెండేసిసార్లు వస్తున్నాయి

ప్రశ్న:
నమస్కారమండి. మూడేళ్లుగా చదివిన చోటల్లా ఏరుకున్న తెలుగు పదాలను లైనుకొకటి చొప్పున ఒక టెక్స్ట్ ఫైలులో పెట్టుకున్నాను. మొత్తం 4,212 లైన్లు. పైథాన్‌లో ఒక్కో లైను చదివి, స్ట్రిప్ చేసి (అంటే అంచుల్లోని ఖాళీలు తీసేసి), ఖాళీవి వదిలేసి, మిగిలినవి ఒక్కో పదాన్ని ఒక్కసారే ఉంచే సెట్‌లో వేస్తున్నాను. అయినా 'పెన్సిల్' రెండుసార్లు వస్తోంది, 'మైదానం' కూడా అంతే. కంటికి ఏ తేడా లేదు. అక్షరసంకేతాలను లెక్కపెట్టే లెన్ మాత్రం ఒక పెన్సిల్‌కు 8, ఇంకోదానికి 9 అంటోంది. పైగా ఫైలులో మొట్టమొదటి పదం 'అంకణం' వెతికితే లేదంటోంది. ఎంతో ఇష్టంగా కూర్చుకున్న జాబితా, ఒక్క పదం పోయినా బాధే.

జవాబు 1:
ప్రింట్‌ను నమ్మకండి, దాగిన గుర్తులనూ చూపే రెప్ర్‌తో చూడండి. రెండో పెన్సిల్ చివర \యూ200సీ కనిపిస్తుంది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్కపక్క అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు. స్ట్రిప్ స్పేసు, ట్యాబు, న్యూలైను వంటి ఖాళీలనే తీస్తుంది, దీన్ని ఖాళీగా లెక్కించదు. అంకణం ముందు బహుశా బీఓఎమ్ (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపే, కంటికి కనిపించని గుర్తు) ఉంది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వండి, పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అంకణం దొరికింది! 200సీని రీప్లేస్‌తో అంతటా తీసేశాను. పెన్సిల్ ఒక్కటే మిగిలింది గానీ, 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయిపోయింది. ఇలా నాకు వద్దు.

జవాబు 2:
పదం మధ్యలో ఆ గుర్తుకు పని ఉందండి, పొల్లును విడిగా నిలబెట్టేది అదే. చివరిది మాత్రమే తీయండి. ముందు మామూలు స్ట్రిప్, తర్వాత 200సీని ఇచ్చి మరో స్ట్రిప్. వరస మారకూడదు, న్యూలైను పోతే గానీ ఆ గుర్తు చివరికి రాదు. మైదానం సంగతి వేరు. 'ఐ'త్వాన్ని ఒకే అక్షరసంకేతంగా (0సీ48) రాయవచ్చు, లేదా ఎత్వం (0సీ46), దాని కింది ముక్క (0సీ56) కలిపి రెండుగానూ రాయవచ్చు. యూనికోడ్‌డేటాలోని నార్మలైజ్‌కు 'ఎన్‌ఎఫ్‌సీ' అనే, ముక్కలను కలిపి రాసే పద్ధతిని ఇస్తే రెండూ ఒకటవుతాయి. శుభ్రం చేసినవి వేరే ఫైలులో రాయండి. పాత ఫైలునే రాయడానికి 'డబ్ల్యూ'తో తెరిస్తే, తెరిచిన క్షణంలోనే అది ఖాళీ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కొత్త ఫైలులోనే రాశాను. 4,067 పదాలు తేలాయి, మైదానం ఒక్కటే ఉంది, సాఫ్ట్‌వేర్ చెక్కుచెదరలేదు. తగ్గిన 145 లైన్లనూ పాత ఫైలుతో పోల్చి చూస్తున్నాను. ఇప్పటికి అరవై చూశాను, అన్నీ జంటలో, ఖాళీ లైన్లో. ఇద్దరికీ ధన్యవాదాలు.