కడీల పని నుంచి శిల్పం వైపు: సన్నని చెక్కడంపై సలహా కావాలి

నమస్కారం. మాది హనుమకొండ దగ్గరి పల్లె. కడీలు (కంచెకు పాతే రాతి స్తంభాలు), గడపలు, రోళ్లు చెక్కడం మా ఇంటి వృత్తి. కొంతకాలంగా శిల్పం వైపు మనసు మళ్లి, బూడిదరంగు గ్రానైటులో చిన్న నందిని చెక్కుతున్నాను. మూపురం, ముడుచుకున్న కాళ్లు బాగానే కుదిరాయి గానీ, మెడలోని గంటల దండ దగ్గరికి వచ్చేసరికి ఉలిని ఎంత మెల్లగా తగిలించినా పలుకులు లేచిపోయి అంచు నిలవడం లేదు.

పాలంపేటలో 1213 నాటి ఎర్రటి ఇసుకరాతి రామప్ప గుడికి బయటి స్తంభాల మీద, చూరు కింద నిలిపిన నల్లరాతి మదనికల (నాట్యభంగిమలోని స్త్రీ మూర్తుల) నగలు నేటికీ అంత స్పష్టంగా ఉండటం చూస్తే, సన్నని పనికి రేణువు బిగువైన రాయే తగినదని నాకు తోస్తోంది.

అనుభవజ్ఞులైన శిల్పులను అడిగేది ఏమిటంటే, ఇలాంటి పనికి కొలిమిలో కాల్చి నీళ్లలో చల్లార్చిన ఉక్కు ఉలి మేలా, కార్బైడు (ఉక్కు కన్నా గట్టి పదార్థం) మొన ఉలి మేలా? మొనను ఎంత ఏటవాలుగా సాన పట్టాలి? ఇప్పుడున్న నందికి గంటలను చెక్కకుండా అరగదీసి తేల్చవచ్చా? తిరుపతిలో టీటీడీ నడిపే శిల్పకళా శిక్షణ సంస్థలో ఏళ్ల తరబడి చదవడం నా వయసులో కుదరదు కనుక, వరంగల్ పరిసరాల్లో పనిలో పెట్టుకుని నేర్పే శిల్పశాలలు ఉంటే దయచేసి తెలుపగలరు.