అప్‌డేట్: కొండవాలు లూప్‌లో గలగల తగ్గింది

కొలరాడో కొండవాలులో భూమి వేడితో ఇంటిని వెచ్చబరిచే 3 టన్నుల హీట్ పంప్‌కి 300 అడుగుల బోర్లు రెండు, వాటిలోంచి నీళ్లు తిరిగే పైపుల లూప్‌లో గలగల శబ్దం, ప్రెజర్ నిలవట్లేదని అడిగాను కదా. లీకు కాదండీ, గాలి. బోర్ల తలలు, వాటిని కలిపే హెడర్ పైపు ఇంటికన్నా 40 అడుగులు పైనున్నాయి. 2.31 అడుగుల ఎత్తుకు 1 పీఎస్‌ఐ (ప్రెజర్ కొలత) తగ్గే లెక్కన అక్కడికి 17 పోతుంది. ఇంట్లో గేజ్ 15 అంటే పైన వాక్యూమే! నీళ్లలో కరిగిన గాలి అక్కడే విడిపోయి పోగవుతోంది.

ఒక్కో బోరునీ విడిగా, సెకనుకి 2 అడుగుల వేగం తగ్గకుండా ఫ్లష్ చేయించాం, అంటే పంపుతో ద్రవాన్ని జోరుగా తిప్పి గాలిని బయటికి తోయించాం. ద్రవం తిరిగొచ్చి పడే డ్రమ్ములో తెల్లటి నురుగు పోయి గ్లైకాల్ (గడ్డకట్టకుండా నీళ్లలో కలిపేది) తేటపడేదాకా ఆపలేదు. మధ్యలో ఆపితే బుడగలు మళ్లీ పైకి చేరతాయి. తర్వాత 35 పీఎస్‌ఐకి నింపాం. శబ్దం లేదు, గేజ్ ముల్లు కదలడం లేదు.

వాలులో వేయించేవాళ్లు హెడర్‌ని దయచేసి ఇంటి మట్టానికి దగ్గరగా పెట్టించండి.