అప్‌డేట్: నలుపు తెలుపు ఫోటోలకు చివరికి గింప్ చాలింది

రంగుల ఫోటోలను నలుపు తెలుపులోకి మార్చడానికి సాఫ్ట్‌వేర్ కొనాలా అని మొన్న అడిగాను కదా, కొనలేదు. ఉచితంగా దొరికే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌తోనే పని జరిగిపోయింది.

రంగంతా ఒక్కసారిగా తీసేయడమే నేను చేసిన పొరపాటు. అమ్మమ్మ ఎర్ర చీర, ఆకుపచ్చ అంచు ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. మీరు చెప్పినట్టే గింప్‌లో మోనో మిక్సర్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి ఎంత పాలు కలవాలో అంకెల్లో ఇచ్చే చోటు) తెరిచి ఎరుపు పెంచాను. ముఖం మీద ముడతలు మెత్తబడ్డాయి. బాగుందనుకునేలోపు నుదుటి మీద కుంకుమ బొట్టు మాయం! ఎరుపు తగ్గించి ఆకుపచ్చ పెంచితే బొట్టు నల్లగా తిరిగి వచ్చింది, అంచూ తేలింది. ఆ మూడు రంగుల అంకెలూ కలిపితే 1 దాటకుండా చూసుకున్నాను, లేకపోతే తెల్లని చోట్లు వెలిసిపోతున్నాయి.

డార్క్‌టేబుల్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా చూశాను. రా ఫైళ్లకు (కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫోటోలకు) అదే మేలు, కానీ దానికి నా ఓపిక చాలదు.