60,000 రూపాయల్లో గేమింగ్ కంప్యూటర్: ఏ భాగాలు తీసుకోవాలి?

ప్రశ్న:
నా దగ్గర 1080పి మానిటర్ ఉంది. మిగిలిన భాగాలను 60,000 రూపాయల లోపు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొనాలనుకుంటున్నాను. ప్రస్తుతానికి రైజెన్ 5 5600జి ప్రాసెసర్ తీసుకొని, గ్రాఫిక్స్ కార్డును వచ్చే ఏడాది చేర్చుకోవచ్చని ఒక దుకాణదారు అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
కార్డు కొనే ఉద్దేశం ఉంటే 5600జి వద్దండి. అందులో గ్రాఫిక్స్ కలిసి వస్తుంది కానీ, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 16 ఎంబీ మాత్రమే, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డును కలిపే మార్గం) కూడా మూడో తరానిదే. ‘జి’ లేని రైజెన్ 5 5600లో 32 ఎంబీ క్యాష్, నాలుగో తరం పీసీఐఈ ఉంటాయి. ఆర్‌ఎక్స్ 6600 వంటి గ్రాఫిక్స్ కార్డు ఆ మార్గంలో ఎనిమిది లేన్లనే (డేటా దారులనే) వాడుకుంటుంది కనుక, మూడో తరం స్లాటులో కొన్ని ఆటల్లో దాని వేగం తగ్గుతుంది. నా అభిప్రాయంలో 5600, బి550 మదర్‌బోర్డు, ఆ కార్డు ఇప్పుడే కలిపి తీసుకోవడం మేలు. 5600కు సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి కార్డు లేనిదే తెరపై ఏమీ కనబడదని గుర్తుంచుకోండి.

జవాబు 2:
పై సలహా సబబే. అయితే క్యాబినెట్‌తో పాటు ఇచ్చే చౌక ఎస్‌ఎంపీఎస్‌ను (విద్యుత్ సరఫరా యూనిట్‌ను) మాత్రం దయచేసి ఒప్పుకోకండి. అది పాడైతే మిగిలిన భాగాలను కూడా దెబ్బతీయగలదు. పేరున్న సంస్థది, 80 ప్లస్ బ్రాంజ్ అనే విద్యుత్ సామర్థ్య గుర్తింపు ఉన్న 550 వాట్లది చాలు. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా కాక, 8 జీబీవి రెండు తీసుకుంటే రెండూ ఒకేసారి పనిచేసి వేగం పెంచే డ్యూయల్ ఛానల్ ప్రయోజనం దక్కుతుంది.

జవాబు 3:
మూడు నాలుగేళ్ల తరువాత ప్రాసెసర్ మార్చాలనుకుంటే 5600 కంటే కొత్త తరం ప్రాసెసర్లు పట్టే ఏఎం5 సాకెట్ బోర్డును కూడా పరిశీలించండి. దానికి డీడీఆర్5 రకం ర్యామ్ తప్పనిసరి కనుక, ఆ అదనపు ఖర్చు కార్డుకు కేటాయించిన సొమ్ములోంచి పోకుండా ఉంటేనే అటు వెళ్లండి.